తీసిన పేర్లు, చేర్చిన పేర్లు

మా సంఘాల చరిత్ర ఎవరు చెప్పినా ఓడతోనే మొదలుపెడతారు. ఫలానా ఏట దొరగారు, దొరసాని ఓడ దిగారు, రైలెక్కారు, ఎడ్లబండి కట్టించుకొని నల్లగొండ చేరారు, అక్కణ్నుంచి పని సాగింది. శతాబ్ది సంచిక ఏది తిరగేసినా మొదటి ఫొటో టోపీ పెట్టుకున్న దొరగారిదే. నాకు దొరలతో పేచీ ఏమీ లేదు. మా నాయన వాళ్ల బడిలో పంతులు. దేవరకొండ మిషన్ కాంపౌండులో చింతచెట్ల కింద ఆడుకొని పెరిగినవాణ్ణి. కాకపోతే సర్కారు బడిలో హెడ్మాస్టరుగా పనిచేసి దిగిపోయిన మనిషిని కాబట్టి ఉపన్యాసాల కన్నా రిజిస్టర్లను ఎక్కువ నమ్ముతాను.

మా తాత పల్లెలో ప్రసంగి. ఆయన చేతిరాతతో ఉన్న సంఘం రిజిస్టరు ఒకటి మా ఇంట్లో ఉంది. అట్ట చెదలు తిన్నది, సిరా గోధుమరంగుకు తిరిగింది. విశ్వాసంలో నిలబడటమంటే ఏమిటో, ఈ మెట్ట తాలూకాల్లో అది ఎట్లా సాగిందో, విన్న ప్రసంగాలన్నిటికన్నా ఆ పుస్తకమే నాకు ఎక్కువ చెప్పింది.

అట్లాగని ఓడ సంగతి వదిలేయలేను. అది అందరూ అనుకునే ఓడ కాదు. నల్లగొండలో మొదట కాపురం పెట్టిన మిషనరీలు ఇంగ్లీషువాళ్లూ కారు, అమెరికన్లూ కారు. రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన జర్మన్ భాషవాళ్లు. అబ్రహాం ఫ్రీసెన్, ఆయన భార్య మరియా. వాళ్లను పంపిన ప్రాంతం మొలోచ్నా, అంటే ఇప్పటి ఉక్రెయిన్ దక్షిణాన గోధుమ పండే మైదానం. మెన్నొనైట్లు అక్కడ 1804లో ఊళ్లు కట్టుకున్నారు. 1536లో కాథలిక్ గురుత్వం వదిలేసిన మెన్నో సైమన్స్ అనే డచ్చి మనిషి పేరు మీద వచ్చిన తెగ అది. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ఒట్టు పెట్టరు, తుపాకి పట్టరు. ఆ మూడింటికోసం తరతరాలుగా దేశం మారుతూ వచ్చారు. అందులోంచే 1860లో మెన్నొనైట్ బ్రదరన్ సంఘం చీలి వచ్చింది. మా వైపు ఎంబీ చర్చి అంటే అదే. 1870ల్లో రష్యా ప్రభుత్వం సైన్యంలో చేరాలని పట్టుబట్టేసరికి కొందరు గోధుమ విత్తనం మూట కట్టుకొని అమెరికాలోని కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా వైపు వెళ్లిపోయారు. కొందరు ఉండిపోయారు.

ఉండిపోయినవాళ్ల బిడ్డ ఫ్రీసెన్. హాంబర్గులో బాప్టిస్టు సెమినరీలో చదివి, అమెరికా బాప్టిస్టు మిషన్‌తో ఒప్పందం చేసుకొని 1889లో బయలుదేరాడు. మరుసటి ఏడు నల్లగొండలో స్టేషన్ తెరిచాడు. మనుషులూ డబ్బూ రష్యా నుంచి, పై అజమాయిషీ అమెరికా బాప్టిస్టులది. ఆ తర్వాత సూర్యాపేట, అప్పట్లో నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ. మొలోచ్నా రైతు కోత కోసి పక్కన పెట్టిన కానుక నల్లగొండలో గోడయ్యేది, పంతులు జీతమయ్యేది.

దక్షిణాన కథ వేరు. పాలమూరులో 1880ల్లోనే అమెరికా బాప్టిస్టు మిషనరీ ఎల్బర్ట్ చూట్ స్థిరపడ్డాడు. ఆ ఊరికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టి మహబూబ్‌నగర్ అన్నది 1890లో. మా ముసలివాళ్లు మాత్రం చచ్చేదాకా పాలమూరే అన్నారు. అమెరికా వెళ్లిన మెన్నొనైట్ బ్రదరన్ వాళ్ల తరఫున ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు 1899లో వచ్చారు. ఈ ఎండ, ఈ జ్వరాలు పడక 1901లోనే తిరిగిపోయారు. తర్వాత వచ్చినవాళ్లు హైదరాబాదు మలక్‌పేట నుంచి మొదలుపెట్టి నాగర్‌కర్నూలు, దేవరకొండ, కల్వకుర్తి, వనపర్తి, శంషాబాదుల్లో ఇళ్లు కట్టుకున్నారు. మహబూబ్‌నగర్, గద్వాల స్టేషన్లను 1937లో బాప్టిస్టులు వీళ్లకే అప్పగించారు. నాగర్‌కర్నూలుకు గానీ దేవరకొండకు గానీ రైలు లేదు. కోడెల బండిలో రాత్రంతా ప్రయాణం, తెల్లారి వాగు దగ్గర పళ్లు తోముకోవడం.

ఇంత చెప్పాక ఒక మాట. వీళ్లెవరూ రాకముందే కృష్ణ దాటి కబురు వచ్చింది. ఒంగోలు వైపు ఎర్రగుంట్ల పేరయ్య అనే తోలు వ్యాపారి బాప్తిస్మం తీసుకొని తన చుట్టాల ఊళ్లన్నీ తిరిగి చెప్పాడని మిషన్ పుస్తకాలన్నీ ఒప్పుకుంటాయి. మిర్యాలగూడ, దేవరకొండ తాలూకాల మాదిగ వాడలకు పల్నాడు, మార్కాపురం వైపు పిల్లనిచ్చి పుచ్చుకునే సంబంధాలున్నాయి. ఏ మతమైనా దొర నోటి కన్నా వియ్యంకుడి నోటి నుంచి వింటే తొందరగా తలకెక్కుతుంది. మా వంశంలో మొదటి బాప్తిస్మం కథ కూడా ఒక వియ్యంకుడితోనే మొదలవుతుంది. ఆయన పేరు మా అవ్వకు తెలుసు, దొర పేరు తెలియదు.

నెల్లూరు, ఒంగోలు వైపు పనిలో ఓపిక గురించి చాలా రాశారు. 1836లో మొదలైన అమెరికా బాప్టిస్టు తెలుగు మిషన్‌లో ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కకొచ్చేంతమందే. మూసేద్దామా అని అమెరికాలో బోర్డు ఒకటికి రెండుసార్లు మాట్లాడుకుంది. 1854 జనవరి ఒకటిన తెల్లవారుజామున మిషనరీ జ్యూయెట్ దంపతులు కొద్దిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు గుట్టెక్కి ప్రార్థన చేశారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. తర్వాత క్లౌ దొర వచ్చాడు. 1876-78 ధాత కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు పట్టి జనానికి కూలి ఇప్పించాడు. కూలికోసం చేరారన్న మాట రాకూడదని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది మునిగారు. ఇంత చేసినా బియ్యం క్రైస్తవులన్న ఎత్తిపొడుపు తప్పలేదు. నా చిన్నప్పుడు నాతో చదువుకున్న పిల్లలే నన్ను అనేవాళ్లు. ఆ బియ్యం సంగతి కాసేపాగి చెబుతాను.

గుండ్లకమ్మలో మునగటం ఒక్కరోజు పని. మర్నాడు ఊళ్లో బతకటం ఇంకో పని. నైజాములో ఊరంటే పటేలు, పట్వారీ, పైన దేశ్‌ముఖు, కింద వెట్టి. మాదిగవాడు కల్లం దగ్గర తనకు రావలసిన మేర గింజలు తీసుకోవాలంటే తోలు పనితోపాటు జాతరలో డప్పు కొట్టాలి, పోచమ్మకు దున్నపోతును కోసినప్పుడు ముందుండాలి, చచ్చిన గొడ్డును మోసుకుపోవాలి. మా ముత్తాత చెరువులో బాప్తిస్మం తీసుకున్నాక జాతర వచ్చింది. డప్పు కొట్టనన్నాడు. పటేలు తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఏడు కల్లం మీద మేర గింజలు కొలవలేదు, అంతే.

ఇక్కడ మోట గురించి చెప్పాలి. కరెంటు మోటార్లు రాకముందు మెట్ట ఊళ్లలో బావి కింద తరి పారాలంటే మోటే గతి. ఎద్దులు వాలు మీద వెనక్కి ముందుకి నడుస్తుంటే తోలు బొక్కెన బావిలోకి దిగి పైకొచ్చి, దాని తొండం లోంచి నీళ్లు కాలువలోకి దూకేవి. ఆ బొక్కెన, తొండం కుట్టేది మాదిగ చేతులు. దున్నపోతు తోలు నానబెట్టి, తంగేడు చెక్కతో పదును చేసి, వారుతో బిగించి కుట్టాలి. నిత్యం నీళ్లలో ఉండే తోలు చివుకుతుంది, చిరుగుతుంది, మళ్లీ కుట్టాలి. మా ముత్తాత మేర పోగొట్టుకొని ఏం చేశాడంటే, బొక్కెనలు కుట్టడం మానలేదు. డప్పు మాత్రం పట్టలేదు. ఆదివారం వారు పట్టలేదు. మొదటి ఏడు ఇంట్లో ఆకలి పడ్డారు. రెండో ఏడు పటేలు బావి తొండం చిరిగింది. జీతగాడు వచ్చి గడప బయట నిలబడి, ఎప్పుడు కుడతవని అడిగాడట. సోమవారమన్నాడట ముత్తాత. ఆ కథ చెప్పేటప్పుడు మా అవ్వ ఆ ఒక్క మాట దగ్గర ఆగి నవ్వేది. వీరగాథ కాదది. ఊరికి ఆయన పని కావాలి, ఆయనకు ఊరి గింజలు కావాలి. రెండు అవసరాల సందులో ఆయన తన ఆదివారాన్ని దక్కించుకున్నాడు.

అందరి ఇంట్లో కథ ఇట్లా ముగియలేదు. రిజిస్టరు అక్కడే పనికొస్తుంది. తాత గీసుకున్న గడులు ఇవి: పేరు, తండ్రి లేక భర్త పేరు, వాడ, బాప్తిస్మం తేదీ, చివర కాస్త వెడల్పుగా సంగతులు. ఆ సంగతుల గడిలో రెండే రెండు మాటలు పదేపదే కనిపిస్తాయి. తీసివేయబడినది. తిరిగి చేర్చబడినది. మా సంఘాల్లో పద్ధతి తెలియనివాళ్లకు చెప్పాలి. నెలకోసారి ప్రభు బల్ల ఉంటుంది, రొట్టె, ద్రాక్షరసం. తప్పు చేసిన విశ్వాసికి పెద్దలు ముందు బల్ల ఆపుతారు. మారకపోతే పేరు తీసేస్తారు. ఏం తప్పు? కల్లు. రెండో పెళ్లి. అన్నిటికన్నా ఎక్కువగా, చుట్టాల పండుగ. బోనమెత్తింది, దేవర కూడు తిన్నది, పిల్లను బాప్తిస్మం లేని ఇంటికిచ్చింది.

ఒక స్త్రీ పేరు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. పేరు రాయను, ఆమె మనుమలు ఇంకా ఉన్నారు. బాప్తిస్మం తీసుకుంది. కొన్నేళ్లకు తీసివేయబడినది, కారణం బిడ్డ పెళ్లిలో పోచమ్మకు బోనమెత్తింది. వియ్యాలవారు పట్టుబట్టి ఉంటారు, ఎత్తకపోతే బిడ్డను ఏలుకోమని. మరుసటి ఏడు తిరిగి చేర్చబడినది. మళ్లీ తీసివేయబడినది, రెండో బిడ్డ పెళ్లి. మళ్లీ చేర్చబడినది. మూడో బిడ్డ కూడా ఉన్నట్టుంది, మళ్లీ అదే వరుస. చివరికి తాత సిరా మార్చి రాసిన మాట: ప్రభువునందు నిద్రించినది. అంటే చనిపోయే నాటికి ఆమె పేరు పుస్తకంలోనే ఉంది.

చిన్నప్పుడు ఉజ్జీవ కూటాల్లో ప్రసంగీకులు గొంతు చించుకొని చెప్పేవాళ్లు. నాగలి మీద చెయ్యి వేసి వెనక్కి చూడొద్దని, లోతు భార్య ఉప్పు స్తంభమైందని. వినటానికి బాగుంటుంది. ఈ స్త్రీ మూడుసార్లు వెనక్కి చూసింది, ఉప్పు స్తంభం కాలేదు. ప్రతిసారీ సంఘం ముందు నిలబడి ఒప్పుకొని, బల్ల లేకుండా వెనక వరుసలో చాప చివర కూర్చొని, నెలల తరబడి తన చేతికి రొట్టె రాకుండా పక్కవాళ్ల చేతికి పోతుంటే చూసి, మళ్లీ చేరింది. ఒక్కసారి కూడా పడనివాడి ఓర్పు కన్నా ఆమెది తక్కువని నేననుకోను. నన్నడిగితే ఈ జిల్లాల్లో సంఘం నిలిచింది ఆమెలాంటివాళ్ల వల్లే. మా తాతలాంటి వాళ్లకూ కొంత పేరివ్వాలి. తీసేసిన చేత్తోనే మళ్లీ రాశారు. మూడోసారి ఎవరో ఒక పెద్ద ఇంక చాలనే ఉంటాడు. ఏ సంఘంలోనైనా అట్లాంటి పెద్ద ఒకడుంటాడు.

రష్యా డబ్బు సంగతికొస్తాను. 1914లో యుద్ధం మొదలైంది. బాసెల్, హెర్మన్స్‌బర్గ్ వంటి మిషన్ల జర్మన్లను సర్కారు పట్టుకొని క్యాంపుల్లో పెట్టింది. మన నల్లగొండ మిషనరీలు మాట్లాడేది జర్మనే అయినా రష్యా పౌరులు, రష్యా ఇంగ్లాండు పక్షం. అట్లా గండం తప్పింది. అసలు దెబ్బ 1917 విప్లవం తర్వాత పడింది. అంతర్యుద్ధంలో మొలోచ్నా ఊళ్ల మీదుగా సైన్యాలు అటూ ఇటూ తిరిగాయి, దోపిడీ ముఠాలు పడ్డాయి, తర్వాత 1921-22 కరువు. నల్లగొండకు కానుకలు పంపిన రైతుల ఇళ్లలోనే రొట్టె లేకుండా పోయింది. వాళ్లను ఆదుకోవటానికి అమెరికా మెన్నొనైట్లు 1920లో సహాయ కమిటీ పెట్టుకున్నారు. 1923 నుంచి కెనడాకు వలసలు మొదలయ్యాయి. నల్లగొండ, సూర్యాపేట, జనగామల భారమంతా అమెరికా బాప్టిస్టుల మీద పడింది. ఇటు పల్లెల్లో 1918 ఇన్‌ఫ్లుయెంజా, వెనువెంట వానల్లేని ఏళ్లు. చెరువులో మునిగేంత నీళ్లు లేక బాప్తిస్మాలు మరుసటి కార్తెకు వాయిదా పడిన ఏడు ఒకటుందని మా అవ్వ చెప్పేది. పదేళ్లు తిరగకముందే ప్రపంచ మాంద్యం వచ్చి అమెరికా కానుకలూ సన్నగిల్లాయి.

ఆ రోజుల్లో పల్లె ప్రసంగి బతికింది గురిగి మీద. గురిగి అంటే మా వైపు చిన్న మట్టి కుండ. పొయ్యి పక్కన, ఉప్పు కుండకు దగ్గరలో పెట్టేవాళ్లు. పూటకోసారి గట్కకు జొన్న రవ్వ తీసేటప్పుడు, ఎసట్లో పోయకముందే, పిడికెడు తీసి గురిగిలో వేయాలి. వండినాక తీసింది చెల్లదు, మిగిలింది వేస్తే అసలే చెల్లదు. మా అవ్వ లెక్క కచ్చితం. నేను పొయ్యి దగ్గర ఆడుకుంటుంటే అడిగేది, “దేవునిది తీసినమా బిడ్డా?” అని. తీశామో లేదో ఆమెకు తెలియక కాదు. ఇంట్లో గింజలు అడుగంటిన రోజున పిడికిలి చిన్నదయ్యేది, వేళ్లు ఇంకాస్త ముడిచేది, కానీ చెయ్యి గురిగి మీదికి పోయేది. ఆదివారం ఆ గింజలు కొంగున కట్టుకొని గుడికి తెచ్చి చాట మీద పోసేవాళ్లు. అందరివీ కలిపితే ప్రసంగి ఇంటికి వారం గట్క. బియ్యంకోసం చేరారని ఊరు ఎవరిని ఎత్తిపొడిచిందో వాళ్లే ఈ చాట నింపారు. పెద్దయ్యాక నన్నెవరైనా ఆ మాట అంటే నేను వాదించేవాణ్ణి కాదు, గురిగి కథ చెప్పేవాణ్ణి. వాదించినా గెలిచేవాణ్ణేమో, కానీ కథకు టీ కూడా తాగించేవాళ్లు.

కోత పండుగ రోజు మాత్రం సందడి. తొలి పంట కానుకలు, జొన్న కంకులు, ఆముదాల మూట, కందులు, కోడిపుంజు, గుమ్మడికాయ, కోడిగుడ్లు. ఆరాధన అయ్యాక హర్రాజు పెడతారు. గుమ్మడికాయను పాడుకున్నవాడు డబ్బు కట్టి కాయను తిరిగి కానుకగా ఇచ్చేస్తాడు. మళ్లీ పాట. ఇంకొకడు పాడుకొని వాడూ ఇచ్చేస్తాడు. ఒక్క కాయ మూడు నాలుగుసార్లు అమ్ముడుపోతుంది. కోడిపుంజును మాత్రం ఎవరూ తిరిగివ్వరు.

చదువు రానివాళ్లు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలను కంఠతా పట్టారు. బైబిలు స్త్రీలు వాడవాడా తిరిగి కథలు చెప్పారు. మా మేనత్త ఒకావిడ ఆ పని చేసింది. ఆమె జీతం, మోసిన సంచి, తిరిగిన ఊళ్లు ఏ సంచికలోనూ లేవు. దొరల వైపు నుంచి నేను మనసారా మెచ్చుకునే మనిషి డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్. మొలోచ్నాలోనే పుట్టి, చిన్నప్పుడే కాన్సాస్ వెళ్లి, హోమియో వైద్యం చదివి 1907లో ఇటు వచ్చింది. నాగర్‌కర్నూలులో, శంషాబాదులో వైద్యం చేస్తూ 1945లో ఈ దేశంలోనే కన్నుమూసింది. ఆమె చేతి మీద కాన్పులైన కుటుంబాలు ఆమెను తమ మనిషిగానే చెప్పుకున్నాయి.

రజాకార్ల కాలం, సాయుధ పోరాటం, పోలీసు చర్య, వీటి గురించి ఎందరో రాశారు. నా రిజిస్టరులో ఆ రెండు మూడేళ్లు దాదాపు ఖాళీ. ఊళ్లు ఖాళీ అయినప్పుడు పుస్తకం ఎవరు రాస్తారు? నేను ఆగేది 1950 ఆగస్టు 10 దగ్గర. ఆ రోజు రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. హిందూ మతం కానివాణ్ణి షెడ్యూల్డు కులస్థుడిగా పరిగణించరాదని అందులో మూడో పేరా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1970లో వెనకబడిన తరగతుల జాబితా వేసినప్పుడు క్రైస్తవులైన షెడ్యూల్డు కులాలవాళ్లకు బీసీ-సీ అని ఒక గది కేటాయించింది. రిజర్వేషను ఒక శాతం. అటుపక్క ఎస్సీలకు 15 శాతం, హాస్టళ్లు, స్కాలర్‌షిప్పులు.

ఇక నా రెండో రిజిస్టరు. బడి అడ్మిషన్ రిజిస్టరు. జూన్ నెలలో తండ్రులు పిల్లల చెయ్యి పట్టుకొని వచ్చేవాళ్లు. మతం గడి దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గేది. “హిందూ, మాదిగ అని రాయుండ్రి సార్.” గోడ మీద క్రిస్మస్ నాటకం ఫొటోలో వాళ్ల పిల్లవాడే గొర్రెలకాపరి వేషంలో ఉన్నా అదే మాట. నేను వాళ్లు చెప్పింది రాసేవాణ్ణి. అది నా ఉద్యోగం. వాళ్లు అబద్ధం చెప్పారా? మా ముత్తాతను మాదిగ అన్నది ఊరు. బాప్తిస్మం తర్వాత కూడా అదే ఊరు, అదే వాడ, హోటల్లో అదే వేరే గ్లాసు. నీళ్లు మతాన్ని మార్చాయి గానీ ఊరి లెక్కను మార్చలేదు. సంఘం పెద్దల్లో కొందరు వీళ్లను వెనుకంజ వేసినవాళ్లని అంటారు, గవర్నమెంటుకు జడిసి ప్రభువును బొంకారంటారు. ఆ మాట అన్న ఒక పెద్దమనిషి కొడుకు ఏ కోటాలో ఇంజనీరయ్యాడో నాకు తెలుసు. చెప్పను.

బీసీ-సీ అనే రాయించుకున్నవాళ్లూ ఉన్నారు. మా నాయన అట్లాగే రాయించాడు, మేం దాని ఖరీదు కట్టాం. అది గొప్పే. కానీ సంచిలో రెండు కాగితాలు మోస్తూ ఆదివారం తప్పకుండా చాప మీద కూర్చున్నవాడి విశ్వాసం కల్తీదని తేల్చే అధికారం నాకెవరూ ఇవ్వలేదు. లూకా సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో అన్యాయపు న్యాయాధిపతి దగ్గరకు విసుగు లేకుండా తిరిగిన విధవరాలి కథ మా పల్లె ప్రసంగులకు ప్రాణం. తహశీలు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఆ కథ విడమరచి చెప్పక్కర్లేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మూడో పేరా తీసేయమని 2007లో చెప్పింది. ఇదే సంగతి మీద 2022లో కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. విధవరాలు ఇంకా మెట్లెక్కుతూనే ఉంది.

1950ల చివర మిషన్ బాధ్యతలు తెలుగువాళ్ల చేతికి వచ్చాయి. 1970ల నాటికి దొరలు దాదాపు అందరూ వెళ్లిపోయారు. ఆ తర్వాత కాంపౌండు భూముల మీద, కమిటీల మీద నడిచిన కేసుల గురించి రాయాలంటే ఇంకో పత్రిక కావాలి, ఒక లాయరూ కావాలి.

పాలమూరు వైపు ఉద్యోగానికి పోయాక నాకు కొత్తగా తెలిసింది వలస. పాలమూరు లేబరు లేని ప్రాజెక్టు దేశంలో తక్కువ. గుంపు మేస్త్రీ అడ్వాన్సు పంచుతాడు. సంక్రాంతి పోయాక వాడలకు వాడలు తాళాలు పడతాయి. పుణె, ముంబయి, కాలువలు, ఆనకట్టలు, ఇప్పుడు హైదరాబాదు అపార్టుమెంట్లు. నల్లగొండ వైపు నేతగాళ్లు తరాలుగా షోలాపూర్, భివండీలకు పోయారు. గుడిలో ముసలివాళ్లు, పసిపిల్లలు మిగులుతారు. ప్రసంగి పది మందికి వాక్యం చెబుతాడు. గింజలు తగ్గి చాట అడుగు కనిపిస్తుంది. మా బంధువొకడు మహారాష్ట్రలో కాలువ పని మీదున్నప్పుడు ఆదివారం సాయంత్రం టార్పాలిన్ కింద కూటం పెట్టుకునేవాళ్లమని చెప్పాడు. పాటలు వచ్చినవాడే ఆ వేళకు పాస్టరు. మేస్త్రీకి మతంతో పని లేదు, సోమవారం పొద్దున అందరూ లేస్తే చాలు. తాగనివాళ్లు ఎక్కువున్న గుంపు కాబట్టి ఆ కూటాలను ఆయన ఇష్టపడేవాడు కూడా.

దీనితో సంఘానికి ఒక చిక్కు వచ్చింది. తాత కాలం నుంచీ ఒక నియమం ఉంది. కారణం చెప్పకుండా వరసగా మూడు నెలలు బల్లకు రానివాడి పేరు పెద్దల ముందుకు పోతుంది. వలస ఊళ్లలో ఆ నియమం పాటిస్తే జూన్ వచ్చేసరికి పుస్తకంలో పెద్దలు తప్ప ఎవరూ మిగలరు. నేనున్న సంఘంలో దీని మీద కమిటీలో గట్టి రభస జరిగింది. నియమం నియమమే అన్నవాళ్లు ఇద్దరు. కోశాధికారిది డబ్బు బాధ, పేర్లు తీస్తే సభ్యత్వ చందా ఎవరివ్వాలన్నాడు. ఒక ముసలామె, కొడుకు కోడలు పుణెలో ఉన్నారు, కమిటీలో లేకపోయినా గుమ్మంలో నిలబడి అడిగేసింది: “అప్పు తీర్వవోయిండ్రు గని దేవుని మీద అలిగివోయిన్రా అయ్యా?” కార్యదర్శి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు. చివరికి మూడు నెలల నియమం వలసపోయినవాళ్లకు వర్తించదని రాసుకున్నారు, ఊరికి తిరిగొచ్చిన మొదటి ఆదివారం బల్ల తీసుకోవచ్చని కూడా. వలస ఎవరిది, ఎగవేత ఎవరిది అని తేల్చేదెవరని ఒక పెద్ద అడిగితే, కొత్త రిజిస్టరులో సంగతుల గడి పక్కన ఇంకో గడి గీశారు, ప్రస్తుతం ఉన్న ఊరు, ఫోను నంబరు అని. గీసే పని నాకే అప్పజెప్పారు, హెడ్మాస్టరు స్కేలు నిలకడగా పడుతుందని. గడి వెడల్పు చాలదేమోనని కార్యదర్శి ఇప్పటికీ సణుగుతాడు. ఒక్కో మనిషి ఏడాదికి రెండు ఊళ్లు మారతాడు మరి.